ఒకే పేరున్న రెండు ఓడలు, పేరు లేని బోటు

మా ఇంటికి ముప్ఫై ఏళ్లకు పైగా చేపలు తెచ్చిన పిన్నికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బోటు నడిపేవాడు, చిన్నవాడు అన్న దగ్గరే పనిచేసేవాడు. నిజానికి ఆమె మాకు చుట్టం కాదు. మా నాన్న కోనసీమ నుంచి విశాఖ పోర్టులో క్రేను ఉద్యోగానికి వచ్చి వన్‌టౌన్‌లో కాపురం పెట్టినప్పుడు, ఈ ఊళ్లో మా అమ్మకు మొదట పరిచయమైన మనిషి ఆమె. గోదావరి చేప తప్ప ఎరగని మా అమ్మకు వంజరం ఎలా కోయాలో, కానాగంతలు పులుసుకు బాగుంటాయో వేపుడుకు బాగుంటాయో నేర్పింది ఆమే. అమ్మ ఆమెతో అక్కాచెల్లెళ్ల వరస కలుపుకుంది. అలా ఆమె నాకు పిన్ని అయింది.

పెద్దకొడుకు సొంత బోటు కొన్నప్పుడు దానికి తన భార్య పేరు రాయించాడు. హార్బర్‌లో అమ్మవార్ల పేర్లు, పిల్లల పేర్లు, పోయిన తండ్రుల పేర్లు ఎన్ని బోట్ల మీదైనా కనిపిస్తాయి. భార్య పేరు మాత్రం అరుదు. పెళ్లాన్ని వదిలి ఉండలేక సముద్రంలోకి కూడా తీసుకుపోతున్నావా బావా అని తోటివాళ్లు ఏడిపించేవారట. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ పేరు ఏమిటో నేనిక్కడ రాయడం లేదు. అది ఆమె పేరు, ఆమెను అడగకుండా నేను రాయలేను.

ఒక నవంబరులో వాయుగుండం కబురు వచ్చి బోట్లన్నీ వెనక్కి తిరిగాయి. వీళ్ల బోటు కూడా తిరిగింది కానీ దారిలో ఇంజను ఆగిపోయింది. అందులో ఆరుగురున్నారు. వెనకాల వస్తున్న మరో బోటు వీళ్లను చూసి, అలలు అడ్డం కొడుతున్నా దగ్గరకు వచ్చి తాడు విసిరింది. ఒక్కొక్కళ్లే దాటారు. చిన్నవాడు నాలుగోవాడు. ఐదో మనిషి దాటేసరికి బోటు ఒక పక్కకు ఒరిగింది. సరంగు, అంటే బోటు నడిపే పెద్దకొడుకు, కేబిన్‌లోనే ఉండిపోయాడు. ఆఖరిగా దిగాలని అతను అనుకున్నాడో, తలుపు ఇరుక్కుపోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. అతని శరీరం దొరకలేదు.

ఆ తెల్లవారి నేను కూడా హార్బర్‌కు వెళ్లాను. జెట్టీ మీద జనం గుంపులుగా నిలబడి ఉన్నారు. ఏ బోటు, ఏ బోటు అని వచ్చినవాళ్లు అడుగుతున్నారు, ఉన్నవాళ్లు చెబుతున్నారు. అతని భార్య ఐసు పెట్టెల పక్కన నిలబడి ఇదంతా వింటోంది. అప్పుడామెకు ముప్ఫై ఐదేళ్లు ఉంటాయేమో. ఆవేళ ఆమె ఏం విన్నదో నాకు చాలా నెలల తరవాత చెప్పింది.

"ఎవుల్ని అడిగినా నా పేరే సెప్పినారక్కా. నా పేరు సెప్పి, ములిగిపోనాది అన్నారు. నాను అక్కడే నిలబడున్నాను. నాను ములగనేదు. ములిగింది మా ఆయన."

తరవాత ఆమె చేపల వేలంపాట జరిగే చోటికి పనికి వెళ్లడం మొదలుపెట్టింది. చేపలు ఏరి బుట్టల్లో వేసే పని. అక్కడ ఎవరైనా ఆమెను పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేది కాదు. రెండోసారి పిలిచాక తలెత్తేది.

రెండున్నరేళ్లు గడిచాక చిన్నవాడు కాకినాడ నుంచి ఒక పాత బోటు కొని తెచ్చాడు. ఏటా వేసవిలో వచ్చే వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ రేవులోనే ఉన్నాయి. చెక్కలు మార్పించి, సందులు పూడ్పించి, నీలం రంగు కొట్టించాడు. పేరు రాయాల్సిన చోట తెల్లపట్టీ మాత్రం ఖాళీగా ఉంచాడు. దాని మీద ఇంట్లో గొడవ మొదలైంది.

పాత పేరే రాయాలని పిన్ని పట్టుబట్టింది. కోడలు వద్దంది. అత్తాకోడళ్ల గొడవలు నేను చాలా చూశాను కానీ, కోడలి పేరు బోటు మీద ఉండాలని అత్త, ఉండకూడదని కోడలు పోట్లాడుకోవడం ఎక్కడా చూడలేదు. మధ్యలో చిన్నవాడు నలిగిపోయాడు. అన్న ఉండిపోయిన బోటు నుంచి తాడు పట్టుకుని బతికి బయటపడిన మనిషి అతను. వదినకు ఎదురు చెప్పడానికి నోరు రాదు, తల్లి ఏడిస్తే చూడలేడు. చివరికి పిన్ని మా ఇంటికి వచ్చి కూర్చుంది. చేపల బుట్ట మానేసి అప్పటికి రెండేళ్లయింది. కళ్లకు పొర కమ్మి, గుమ్మం తడుముకుంటూ వచ్చింది.

"నా కొడుకు ఎట్టిన పేరది. కొడుకూ నేడు, బోటూ నేదు. ఆ పేరు కూడా తీసేత్తే ఆడు బతికినట్టు గుర్తేటి ఉంటాది సెప్పు. నువ్వు సదువుకున్న దానివి. నువ్వు సెప్తే ఇంటాది."

మాట్లాడి చూస్తానన్నాను. ఏం మాట్లాడాలో మాత్రం నాకు తెలియలేదు. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే అనిపించింది. జూన్ మధ్యలో నిషేధం ముగిసింది. బోటు అలా తెల్లపట్టీతోనే, రిజిస్ట్రేషను నంబరుతోనే వేటకు వెళ్లింది.

నా ఉద్యోగం సంగతి ఇక్కడ చెప్పాలి. అచ్యుతాపురం వైపు ఉన్న ఒక జపాన్ వాళ్ల ఫ్యాక్టరీలో నేను దుబాసీని. జపాన్ ఇంజనీర్లు చెప్పింది మన కార్మికులకు తెలుగులో, వీళ్లు చెప్పింది వాళ్లకు జపనీసులో చెప్పడం నా పని. మా నాన్న పోర్టులో పనిచేసే రోజుల్లో ఇనుప ఖనిజం కోసం జపాన్ ఓడలు వచ్చేవి. ఆ నావికులు ఇచ్చిన క్యాలెండర్ల మీద రాత చూసి చిన్నప్పుడే నాకు ఆ భాష మీద మనసు పడింది. నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. పని చేయగా చేయగా తెలిసిందేమిటంటే, దుబాసీ చేయకూడనిది ఒక్కటే. తనకు నచ్చిన మాట కలపకూడదు, నచ్చని మాట వదిలేయకూడదు.

ఆ జూలైలో మన నౌకాదళంతో కలిసి విన్యాసాలు చేయడానికి జపాన్ యుద్ధనౌక ఒకటి విశాఖ వచ్చింది. దాని పేరు సమిదరే. మా ఫ్యాక్టరీలోని జపాన్ కుటుంబాలను చూడడానికి రమ్మని పిలిచారు. పిల్లలతో వెళ్తున్నారు కనుక తోడుగా నన్నూ రమ్మన్నారు. ఆ రోజు పొద్దున్నుంచీ సన్నగా జల్లు పడుతూనే ఉంది. మెట్లెక్కుతుంటే మా మేనేజరు భార్య, ఓడ పేరుకు తగ్గ వాతావరణమే అని నవ్వింది. ఆ పేరుకు అర్థం వాన. ఎడతెరిపి లేకుండా రోజుల తరబడి పడే వాన. వాళ్ల పాత లెక్కలో ఐదో నెలలో వస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే ముసురు.

లోపల ఒక ఇరుకు నడవలో గోడకు పాత ఓడ బొమ్మ ఒకటి ఉంది. మాకు ఓడ చూపిస్తున్న అధికారికి యాభై ఏళ్లుంటాయి. మృదువుగా మాట్లాడే మనిషి. అది కూడా సమిదరేనే, ఇదివరకటిది అన్నాడు. నాకు తెల్లపట్టీ గుర్తొచ్చింది. పిల్లలు ముందుకు వెళ్లిపోయినా నేను అక్కడే ఆగి అతన్ని అడగడం మొదలుపెట్టాను.

అతను ఓపిగ్గా చెప్పాడు. ఆ మొదటి ఓడ రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు కట్టింది. అదే నమూనాలో కట్టిన దాని జంట ఓడలకు కూడా వాన పేర్లే, వసంతపు వాన, సాయంకాలపు జల్లు, అలా. యుద్ధం మొదలైన నాటి నుంచి తిరుగుతూనే ఉంది. సాలమన్ దీవుల దగ్గర ఒక పెద్ద పోరులో, గందరగోళంలో తమ సొంత యుద్ధనౌక మీదే పొరపాటున గుళ్లు కురిపించింది. ఈ ముక్క చెప్పేటప్పుడు అతను కాస్త తడబడ్డాడు, కానీ దాచలేదు. అదే పోరులో సాయంకాలపు జల్లు అనే ఓడ తగలబడిపోతుంటే పక్కకు చేరి, అందులో ఉన్న రెండు వందల మందికి పైగా మనుషులను తన మీదికి ఎక్కించుకుంది. రెండేళ్ల తరవాత పలావు దీవుల దగ్గర పగడపు దిబ్బ మీదికెక్కి కూరుకుపోయింది. కదిలించడం వల్ల కాలేదు. వారం రోజులు అలాగే ఉంది. ఆ తరవాత ఒక అమెరికా జలాంతర్గామి వచ్చి కొట్టింది, ఓడ రెండు ముక్కలైంది. మిగిలిన ముక్కను దాని నావికులే పేల్చేశారు.

ఇప్పటి ఓడ తొంభైల చివర్లో నీళ్లలోకి దిగింది. ఇది ఏ యుద్ధమూ చేయలేదు. సోమాలియా వైపు సముద్రపు దొంగల బెడద ఎక్కువైనప్పుడు, సరుకు ఓడలకు కాపలా కాయడానికి జపాన్ నుంచి మొదట వెళ్లిన రెండు ఓడల్లో ఇదొకటి.

పోయిన ఓడ పేరున్న ఓడ ఎక్కడానికి నావికులకు జంకు ఉండదా అని అడిగాను.

కొత్తలో ఉంటుందేమో అన్నాడు. చేరగానే పాత ఓడ కథ తెలుసుకుంటాం, కొన్నాళ్లకు ఇంజను చప్పుడు అలవాటైపోతుంది, కథ సంగతి గుర్తుండదు, వంటవాడు ఆ పూట ఏం వండాడన్నదే గుర్తుంటుంది అన్నాడు.

మధ్యలో యాభై ఏళ్లకు పైగా ఆ పేరు ఎవరూ ఎందుకు పెట్టలేదని కూడా అడిగాను. జంట ఓడల పేర్లు మూడు యుద్ధం అయిన పదిహేనేళ్లకే మళ్లీ వచ్చాయని అతనే చెప్పాడు మరి. దానికి అతను, అప్పుడు వాన పేర్ల రకం ఓడలు మూడే కట్టారు, మూడు పేర్లే కావాల్సి వచ్చాయి, నాలుగోది కట్టి ఉంటే బహుశా ఇదే పెట్టేవారు అన్నాడు. అంతకు మించి తనకు తెలిసిన కారణం లేదన్నాడు.

ఆ ఆదివారం నేను పిన్ని ఇంటికి వెళ్లాను. కోడలు వరండాలో కూర్చుని చిరిగిన వల అల్లుతోంది. పిన్ని మంచం మీద ఉంది. నేను ఓడ కథంతా చెప్పాను. పిన్ని మాట నిలబెట్టాలనే వెళ్లాను. ఓ పెద్ద దేశంలో, అంత చదువుకున్నవాళ్లు, మునిగిన ఓడ పేరే మళ్లీ పెట్టుకున్నారని, ఆ ఓడ హాయిగా తిరుగుతోందని చెబితే కోడలి మనసు మారుతుందనుకున్నాను.

ఆమె శ్రద్ధగా వింది. సాయంకాలపు జల్లులోని మనుషులను ఎక్కించుకున్న దగ్గర అల్లడం ఆపేసి, ఎలా ఎక్కించారు, తాళ్లు వేశారా, పక్కకు ఆనించారా అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలియదన్నందుకు నాకే బాధ కలిగింది. తరవాత పేరుకు అర్థం అడిగింది.

"ముసురా? ఓడకి ముసురని పేరెట్టుకుంటారేటి?" అంది పిన్ని మంచం మీద నుంచి.

"పెట్టుకుంటే పెట్టుకోనీ అత్తా," అంది కోడలు. "ముసురు ములిగిపోనాదని ఊరంతా అన్నా ముసురుకి నొప్పేటి. నాను మడిసిని."

ఆమె మళ్లీ అల్లుతూ, రెండో ఓడ ఎన్నాళ్లకు కట్టారని అడిగింది. యాభై ఏళ్లు దాటాక అన్నాను.

"యాభై ఏళ్లు ఆగినారా," అందామె. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో ఏదో సడలింది. తన బాధను ఎక్కడో, సముద్రానికి ఆవల, ఎవరో గౌరవించినట్టు చూసింది.

మూడే ఓడలు కట్టారన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేదు. ఆ ముఖం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

యాభై ఏళ్లంటే ఎంతో మంచం మీదున్న పిన్నికి అర్థమైంది. "అలాగైతే ఒగ్గెయ్యండి. నాను పోయాక మీకు బుద్ధి పుట్టినప్పుడు రాసుకోండి" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నన్ను సాయం అడిగిన మనిషికి నేను చేసిన సాయం అది.

ఆ ఏడాదంతా నాకు ఫ్యాక్టరీలో ఎవరి మాట మరొకరికి చెబుతున్నా ఆ వదిలేసిన వాక్యం అడ్డుపడేది. పిన్ని ఇంటికి వెళ్లడం తగ్గించాను. బోటు మాత్రం బాగానే తిరిగింది. రొయ్య పడింది, ఒకసారి ఇంజను చెడింది, ఒకసారి వల పోయింది. చిన్నవాడు సరంగుగా స్థిరపడ్డాడు.

మళ్లీ వేట నిషేధం వచ్చింది. మే నెలలో ఒక మధ్యాహ్నం కోడలు తనంత తానే మా ఇంటికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చి, మంచినీళ్లు తాగి, నేల మీద కూర్చుంది. ఆ ముసురు ఓడ కథ మళ్లీ చెప్పమంది. నేను అప్పుడిక దాచలేకపోయాను. యాభై ఏళ్లు వాళ్లు కావాలని ఆగలేదని, అప్పుడు మూడే ఓడలు కట్టడం వల్ల ఆ పేరు అలా ఉండిపోయిందని, ఆవేళ నేను ఆ ముక్క మింగేశానని చెప్పాను. కోపగించుకుంటుందనుకున్నాను.

ఆమె ఒక క్షణం నన్ను చూసి నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు.

"మరైతే ఊరికే మా అత్తని ఏడిపించేసినాం గదక్కా మనిద్దరం."

నేను తల దించుకున్నాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, వాళ్లు ఎందుకు ఆగితేనేం, నాకు ఆ ఏడాది కావాల్సొచ్చింది, నువ్వు చెప్పి ఉంటే అప్పుడే ఒప్పుకునేదాన్నేమో, ఒప్పుకుని కుళ్లిపోయేదాన్ని అంది. తరవాత అసలు వచ్చిన సంగతి చెప్పింది. పేరు లేని బోటుకు హార్బర్‌లో జనమే ఒక పేరు పెట్టేశారట. పాట దగ్గర సరుకు దింపుతుంటే ఎవరో, ఇది ఎవరిది అని అడిగితే, ఇంకొకడు జవాబు చెప్పాడట.

"పోయినోడి బోటు అన్నాడక్కా. అందరూ అలాగే అంటన్నారట, నాకే తెలీదు. మా మరిది పగలూ రేతిరీ ఆ బోటు మీద ఉంటన్నాడు. పోయినోడి బోటేటి? దానికన్నా నా పేరే నయం. నాను బతికే ఉన్నాను."

ఆ మాట అత్తకు చెప్పావా అని అడిగాను. లేదంది. ముందు నాతో చెప్పాలనిపించిందట, ఎందుకంటే ఆ మాట ఆ ఇంట్లో ఆగిపోవడానికి నేనూ ఒక కారణమేనట. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నా నేను పడాల్సిందే.

ఇద్దరం కలిసే వెళ్లి పిన్నికి చెప్పాం. నేను నా తప్పు కూడా చెప్పుకున్నాను. పిన్ని నన్ను ఏమీ అనలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, నీకు కష్టమైతే వద్దే, నాను అప్పుడే మానేసినాను అంది. కోడలు, నాకు కష్టమే, అయినా రాయిద్దాం అంది. ఇద్దరూ ఏడ్చారు. చిన్నవాడు గుమ్మంలో నిలబడి విని బయటికి వెళ్లిపోయాడు. అరగంటకు తిరిగొచ్చాడు. ఆర్టిస్టుతో మాట్లాడి వచ్చానన్నాడు.

మర్నాడు పొద్దున బోటు ఒడ్డు మీదే ఉంది. బోట్ల మీద పేర్లు రాసే ఆర్టిస్టు బల్ల మీద నిలబడి ఎర్రరంగుతో రాస్తున్నాడు. అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలని అడిగితే, దూరం నుంచి కనబడాలని కోడలు చెప్పింది. పూర్వపు అక్షరాల తీరు వద్దంది. ఆ తీరు ఆయన చెప్పి రాయించింది, అది ఆయనతోనే పోనీ అంది. ఈసారి నిటారుగా, నిండుగా, పక్కన పువ్వులూ చేపలూ లేకుండా రాయించుకుంది. చివరి అక్షరానికి వచ్చేసరికి ఆర్టిస్టు దీర్ఘం మరిచిపోతే ఆమే ఎత్తి చూపింది. ఆమెకు చదువు ఐదో తరగతి వరకే. తన పేరు తప్పుగా రాస్తే ఊరుకునే మనిషి మాత్రం కాదు.

పిన్నిని ఆటోలో తీసుకొచ్చాం. ఆమెకు రంగు ఎరుపని తెలిసింది కానీ అక్షరాలు ఆనలేదు. బల్ల పక్కకు చేరి, ఎవరూ ఆపేలోగా తడి అక్షరాల మీద వేళ్లు పెట్టి తడిమింది. ఆర్టిస్టు విసుక్కున్నాడు. మొదటి అక్షరం కాస్త చెదిరింది. సరిచేయమంటారా అని అతను అడిగితే, కోడలు వద్దు, అలాగే ఉంచు అంది. పిన్ని తన ఎర్రటి వేళ్లను చీర కొంగుకు తుడుచుకోబోయి మానేసింది.

జూన్‌లో బోటు వెళ్లింది, పదకొండు రోజులకు తిరిగొచ్చింది. సరుకు మామూలుగానే పడింది. పిన్ని ఇప్పుడు కంటి ఆపరేషను చేయించుకుంది, ఒక కన్ను బాగానే కనిపిస్తోంది. కోడలు పాట దగ్గర పని మానలేదు. ఎవరైనా పిలిస్తే, బోటునా, నన్నా అని అడుగుతుంది. మొదట్లో జనానికి అది వేళాకోళమో కాదో తెలియక ఇబ్బంది పడేవారు. ఇప్పుడు నవ్వేసి, నిన్నే అంటారు.